పదకొండో ఫోల్డర్

సోమవారం పొద్దున పదిన్నరకు ఏసన్నను కొట్టారు. నాపరాతి గనిలో నలభై మంది పని ఆపి చూస్తుండగానే కొట్టారు. ఆ సమయానికి అతని అన్న కూతురు రెజీనా కడపలో, ఐదుగురు పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, ఒకే ఒక మాట దగ్గర ఆగిపోయి ఉంది.

ఆ ఆఫీసు మెయిళ్లు చూసే ఏఐ ఏజెంటును తయారుచేస్తుంది. గుమాస్తా చేసే పనే అదీ చేస్తుంది. మెయిల్‌బాక్సు వెతికి, అడిగినదానికి జవాబు రాస్తుంది. వెతకడానికి దానికి కొన్ని టూల్స్ ఇచ్చారు. ఫోల్డర్ల జాబితా తెచ్చే టూల్ వాటిలో మొదటిది. ఏ టూల్ ఏం చేస్తుందో పక్కనే నాలుగైదు వాక్యాల్లో రాసి ఉంటుంది. ఏజెంటు ఆ వాక్యాలు చదువుకుని, వాటి ప్రకారమే నడుచుకుంటుంది. ఆ వాక్యాలు రాయడం రెజీనా ఉద్యోగం. ఆ వాక్యాలుండే పేజీ ఇంగ్లీషులో ఉండాలి. కానీ ఆమె ముందు తెలుగులో, ఆ రోజే పనిలో చేరిన మనిషికి చెప్పినట్టు పెదవులు కదుపుతూ చెప్పుకుని, ఆ తర్వాత రాస్తుంది.

"ఈ టూల్ మెయిల్‌బాక్సులోని అన్ని ఫోల్డర్లనూ చూపిస్తుంది." పాత పేజీలో ఉన్న వాక్యం అది. 'అన్ని' అన్న మాట ఆమెకు నచ్చలేదు. తన సొంత మెయిల్లో పదహారు ఫోల్డర్లున్నాయి. టూల్‌ను అడిగితే పది చూపించింది.

ఫోను మోగింది. ఏసన్న భార్య రత్నమణి.

"పాపా, మీ చిన్నాయనను కొట్టినారు. జీపులో ఏసుకోని కడపకే తెస్తాండారు. పెద్దాసుపత్రికి బిన్నా రా."

రెజీనా వెళ్లేసరికి ఏసన్నను బల్ల మీద పడుకోబెట్టి, నర్సు కత్తెరతో ప్యాంటు కోస్తోంది. గుడ్డ విడిపోతున్నకొద్దీ రాతిపొడి నేల మీద రాలింది. మోకాళ్ల దగ్గర పొడీ నెత్తురూ కలిసి అడుసయ్యాయి. కుడి మోకాలి చిప్ప తన చోట లేదు. చర్మం కింద ఒక పక్కకు జరిగి, ముద్దలా కనిపిస్తోంది. ఏసన్న అరవడం లేదు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని, పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూస్తున్నాడు.

"ఓబుళేశే కొట్టినాడు" అంది రత్నమణి. ఓబుళేశు గని యజమాని. "చేతి గడియారం తీసి, ఆయప్ప ఎంట తిరిగే మారెన్న చేతికిచ్చినాడంట. డ్రిల్లింగు రాడ్డు తీసుకోని కుడి కాలి మీద మూడేట్లు, ఎడమ కాలి మీద రెండు. కొట్టి, ఇప్పుడు నడుచుకుంటా పోయి చెప్పు ఆ మేడానికి, అన్నాడంట."

ఆ మేడం పేరు శిల్ప. గనుల తనిఖీకి కర్నూలు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. పదహారు రోజుల కిందట గనిలో మూడో గోడ కూలి, దావీదురాజు అనే పనివాడు దాని కింద పడి చనిపోయాడు. గోడ పగిలిందని ముందే ఎవరైనా చెప్పారా అని శిల్ప పనివాళ్లను వరసగా నిలబెట్టి అడిగింది. అందరూ నేల చూశారు. ఏసన్న ఒక్కడే, "నేను చెప్పినా మేడం. గేటు కాడ బోర్డు మీద ఫిర్యాదులకని మెయిల్ అడ్రసు రాసుండాది. దానికి పెట్టినా" అన్నాడు.

అటువంటి మెయిలేదీ మాకు రాలేదని ఓబుళేశు అప్పుడే చెప్పాడు. పంపిన మెయిళ్లు ఫోనులో తీసి చూపించడం ఏసన్నకు రాలేదు. ఆ ఫోను కూడా సోమవారం పొద్దున రాడ్డు దెబ్బకే ముక్కలైంది. అతనికి మెయిల్ అకౌంటు తెరిచిచ్చింది ఎవరో సెల్‌షాపు అతను. పాస్‌వర్డ్ ఏసన్నకు తెలియదు.

"పెట్టినా పాపా" అన్నాడు ఏసన్న, నర్సు కాలు కదిపిన నొప్పి కాస్త తగ్గాక. "శానా పెట్టినా."

మంగళవారం రెజీనా ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసు యజమాని భూపేష్, ఓబుళేశు అక్క కొడుకు. గని ఆఫీసు మెయిల్‌బాక్సే వాళ్ల ఏజెంటుకు మొదటి పని. శుక్రవారం ఇన్‌స్పెక్టరు ముందే ఏజెంటు ఆ మెయిల్‌బాక్సు వెతికి, ఏసన్న చెప్పిన ఫిర్యాదు వచ్చిందో లేదో తేల్చి కాగితమిస్తుంది. మనుషుల చెయ్యి పడదు కనుక ఎవరూ వంక పెట్టలేరని ఓబుళేశే ఈ ఏర్పాటు అడిగాడు.

రెజీనా గని మెయిల్‌బాక్సు మీద ఫోల్డర్ల టూల్‌ను నడిపింది. పది పేర్లొచ్చాయి. వచ్చినవి, పంపినవి, బిల్లులు, లారీలు, కరెంటు. జాబితా చివర, ఇంకా ఉన్నాయనే చిన్న గుర్తు. తర్వాతివి చూపించమని మళ్లీ అడిగింది.

పదకొండో ఫోల్డర్ పేరు 'తలనొప్పి'. మెయిళ్లు ఇరవై మూడు. చదవనివి ఇరవై మూడు.

ఒక్క క్షణం ఆగి, మొదటిది తెరిచింది. 'సార్, మూడో గోడ పగిలుండాది. దావీదురాజు చెయ్యి లోపలికి పడ్తాంది. వచ్చి చూడండి. ఇట్లు, ఏసన్న.' కింద ఫోటో. నల్లటి రాతిగోడ, నిలువునా చీలిక. బనియను వేసుకున్న మనిషి ఆ చీలికలో అరచెయ్యి పెట్టి ఫోను వైపు చూసి నవ్వుతున్నాడు. ఆరో మెయిల్లో మోచెయ్యి దాకా పడుతోందని ఉంది. పదిహేడో దాంట్లో భుజం దాకా. చివరిది గోడ కూలిన ముందురోజు సాయంత్రం పంపింది. ఫోటో లేదు. 'సార్, రేపు ఆ గోడ కింద పని పెట్టొద్దు.'

ఆమె భూపేష్ గదిలోకి వెళ్లింది. అతను విని, లేచి తలుపు మూశాడు.

"అది గుమాస్తా చేసిన పని. మీ చిన్నాయన మెయిల్ వస్తానే దాంట్లోకి పోయేటట్టు పెట్టినాడు."

"మీకు తెలుసా సార్?"

"ఇప్పుడు చెరిపితే చెరిపినట్టు తేదీతో సహా రికార్డులో పడతాది. అందుకే ఎవురూ ముట్టుకోలేదు." అతను పెన్ను మూత తీసి పెట్టి, మళ్లీ తీశాడు. "నువ్వా పేజీ మార్చొద్దు రెజీనా. పాతదే ఉండనీ."

"దాంట్లో ఉండేది అబద్ధం కద సార్. అన్ని ఫోల్డర్లూ చూపిస్తాదని ఉండాది. ఏజెంటు పది చూసి అన్నీ చూసినాననుకుంటాది. ఏమీ రాలేదని చెప్తాది."

"టూలు పది చూపిస్తాది. ఏజెంటు చూసింది చెప్తాది. ఎవురు అబద్ధం చెప్తాండారు దీంట్లో?"

రెజీనా ఉన్నది ఉన్నట్టే రాస్తానని మాత్రం చెప్పి బయటికొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం మిగిలిన ముగ్గురూ భోజనానికి వెళ్లినప్పుడు ఓబుళేశు వచ్చాడు. యాభై ఐదేళ్ల మనిషి, గొంతు మెత్తన. వెంట మారెన్న. మారెన్న తలుపు గడియ వేసి దాని ముందు నిలబడ్డాడు. భూపేష్ తన గదిలోంచి వచ్చి నీళ్ల క్యాను పక్కన ఆగాడు.

ఓబుళేశు కుర్చీ లాక్కుని రెజీనా బల్లకు ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వేనా ఏసన్న కూతురు?"

"ఆయన అన్న కూతురు."

"ఏం చదువుకున్యావు?"

"ఎంసీఏ."

"మంచిది. ఏందో పేజీ మారుస్తానన్యావంట."

ఆమె భూపేష్ వైపు చూసింది. అతను క్యానులో నీళ్లను చూస్తున్నాడు.

"ఉండేది ఉన్నట్టు రాస్తా సార్" అంది.

"ఏ చేత్తో రాస్తావు?"

ప్రశ్న ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "రెండు చేతులతో" అంది.

ఓబుళేశు గడియారం తీసి, వెనక్కి చూడకుండానే మారెన్నకు అందించాడు. అప్పుడు అర్థమై ఆమె లేవబోయింది. మారెన్న చెయ్యి భుజం మీద పడి, కూర్చోబెట్టింది. ఓబుళేశు ఆమె కుడి మణికట్టు పట్టుకుని, వేళ్లను లాప్‌టాప్ మీట్ల మీద పరిచాడు. పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు పెట్టినంత నిదానంగా పరిచాడు. మూత దించి, దాని మీద మోకాలు పెట్టి, ఒళ్లంతా బరువు వేశాడు.

మూత అంచు వేళ్ల మధ్య కణుపుల మీద పడింది. మొదట ఒక చప్పుడు. అతను మోకాలు కొద్దిగా జరిపి మళ్లీ నొక్కాడు. ఈసారి రెండు చప్పుళ్లు, వెంటవెంటనే. రెజీనా నోట్లోంచి మాట కాదు, గాలి వచ్చింది. బల్ల మీద నుదురు ఆనించింది. మూత సందులోంచి సన్నగా నెత్తురు కారి బల్ల అంచుకు చేరింది.

"మామా" అన్నాడు భూపేష్. ఒక్కసారే అన్నాడు.

ఓబుళేశు లేచి గడియారం పెట్టుకున్నాడు. "కొన్నాళ్లు ఇంటికాడుండు పాపా. మావోడు సెలవిస్తాడులే" అని, మారెన్న తీసిన తలుపులోంచి వెళ్లిపోయాడు.

భూపేష్ దగ్గరికి రాబోయాడు. రెజీనా ఎడమచేత్తో మూత ఎత్తుకుని, కుడిచేతిని చున్నీలో చుట్టుకుని, అతన్ని దాటుకుని మెట్లు దిగింది. ఆటో ఎక్కి ఎముకల డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది. మూడు వేళ్లు విరిగాయి. మోచేతి దాకా కట్టు వేశారు.

సాయంత్రం ఆసుపత్రిలో ఆ కట్టు చూసి రత్నమణి మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది.

"వదిలెయ్ పాపా. మీ చిన్నాయన కాళ్లు పాయ. నీ చెయ్యి పాయ. ఇంగేముండాది మన కాడ, వాళ్లకియ్యను."

ఏసన్న మెలకువగానే ఉన్నాడు. రెండు కాళ్లకూ కట్లు. "దొరికినాయా?" అన్నాడు.

"ఇరవై మూడూ ఉండాయి చిన్నాయనా."

అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. కొంతసేపటికి, "నాకు నొక్కను సరిగ్గా రాలేదేమో, పోలేదేమో అనుకుంటాండా ఇన్నాళ్లు" అన్నాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "దావీదురాజును ఆడ నిలబెట్టింది నేనే పాపా. ఎంత పగిలిందో కొలత తెల్సాలని. రోజూ వాన్ని పిల్సి నిలబెడ్తాంటి. ఇంగో రవ్వ లోపలికి పెట్రా చెయ్యి, అంటాంటి" అన్నాడు.

రెజీనా అతని నుదుటి మీద ఎడమచెయ్యి పెట్టింది.

గురువారం ఆమె ఆఫీసుకు వెళ్లింది. బల్ల ఎవరో తుడిచారు. మీట్ల సందుల్లో మాత్రం నల్లగా అట్టకట్టి ఉంది. మిగిలిన ముగ్గురు ఆమె కట్టును చూసి, ఏమైందని అడగబోయి, భూపేష్ గది వైపు చూసి తమ తెరల వైపు తిరిగారు.

ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. కుడిచెయ్యి అలవాటుగా కదలబోయినప్పుడల్లా నొప్పి భుజం దాకా పాకి, చూపు మసకబారేది. నొప్పి దిగేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేది. ఎప్పటిలాగే ముందు తెలుగులో చెప్పుకుంది.

'ఈ టూల్ ఒకసారికి పది ఫోల్డర్లే చూపిస్తుంది. పది రాగానే ఆగవద్దు. ఇంకా ఉన్నాయనే గుర్తు ఉంటే, అది పోయేదాకా మళ్లీ మళ్లీ అడుగు. అన్నీ చూడకుండా ఏమీ లేవని ఎవరికీ చెప్పవద్దు.'

అంతే. దానికి గంటన్నర పైన పట్టింది. పంపింది. భూపేష్ ఒప్పుకుంటేనే అది ఏజెంటుకు అందుతుంది.

గాజు తలుపు వెనక భూపేష్ తెర మీదికి వంగడం ఆమెకు కనిపించింది. చాలాసేపు అలాగే ఉన్నాడు. రెండుసార్లు ఫోను మోగితే ఎత్తలేదు. ఒకసారి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. నాలుగు గంటలకు ఆమె తెర మీద పేజీ మారినట్టు వచ్చింది.

తన వాక్యాలు ఒక్క అక్షరం మారలేదు. వాటి కింద ఆమె రాయనివి రెండు ఉన్నాయి. 'దాచిన ఫోల్డర్లు మామూలుగా ఈ జాబితాలో రావు. వాటిని కూడా చూపించమని ప్రతిసారీ విడిగా అడుగు.'

దాచిన ఫోల్డర్ ఒకటుందని ఆమెకు తెలియదు. ఎడమచేత్తో టూల్‌ను అడిగింది. పద్నాలుగు ఫోల్డర్ల తర్వాత పదిహేనోది వచ్చింది. దానికి పేరు లేదు, ఒక చుక్క మాత్రం ఉంది. తయారుచేసినది భూపేష్. తేదీ, గోడ కూలిన మర్నాడు. లోపల ఒకే మెయిల్. గోడ కూలడానికి ఐదురోజుల ముందు ఓబుళేశు తన ఫోను నుంచి గుమాస్తాకు పంపింది. 'ఏసన్న మెయిళ్లు ఎవరూ తెరవద్దు. తెరిస్తే మనం చూసినట్టు అవుతుంది. ఆ గోడ కింద ఇంకో వారం పని ఉంది.'

ఆమె తలెత్తి చూసింది. గాజు తలుపు వెనక కుర్చీ ఖాళీగా ఉంది.

శుక్రవారం పొద్దున బస్సులో కమలాపురం వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో గనికి చేరింది. గని ఆఫీసు రేకుల గది. బల్ల మీద లాప్‌టాప్, పక్కన కొనేవాళ్లకు చూపించే మెరుగుపెట్టిన నాపరాతి ముక్కలు. భూపేష్ ఆమెను చూసి దగ్గరికొచ్చాడు.

"నువ్వెందుకొచ్చినావు? పో."

"చూసి పోతా" అంది రెజీనా.

ఓబుళేశు ఆమెను చూసి పలకరింపుగా తలూపాడు. అంత ధీమాగా ఉన్నాడు. "మనిషైతే ఒక మాట దాస్తాడు మేడం. ఇది మిషను" అన్నాడు శిల్పతో. శిల్ప హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, తనే ప్రశ్న టైపు చేసింది. మూడో గోడ పగుళ్ల గురించి ముందుగా ఏమైనా ఫిర్యాదు వచ్చిందా?

ఏజెంటు తను చేస్తున్నది వరసగా రాసుకుపోయింది. పది ఫోల్డర్లు చూశాను. ఇంకా ఉన్నాయి, అడుగుతున్నాను. మొత్తం పద్నాలుగు. దాచినవి అడుగుతున్నాను. ఒకటి ఉంది. తర్వాత మెయిళ్లు తెరవడం మొదలుపెట్టింది. దావీదురాజు నవ్వు తెర మీదికి వచ్చినప్పుడు శిల్ప కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒక్కో ఫోటో దగ్గరా ఆగి, తేదీని కాగితం మీద రాసుకుంది. చివర ఓబుళేశు మెయిల్‌ను పైకే చదివింది. గొంతు పెంచలేదు.

"ఆ గోడ కింద ఇంకో వారం పని ఉంది." ఆ మాట దగ్గర ఆగి, "ఇది మీ మెయిల్ అడ్రసేనా?" అంది.

ఓబుళేశు ఆమెను చూడలేదు. భూపేష్‌ను చూశాడు. గడియారం తీయలేదు ఈసారి. బల్ల మీద దొరికిన రాతి ముక్క ఎత్తి భూపేష్ చెంప మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు రేకుల గదిలో మోగింది. భూపేష్ కుర్చీతో సహా పడ్డాడు. ఓబుళేశు అతని రొమ్ము మీద కాలు పెట్టి వంగి రెండోసారి కొట్టాడు. ఆ దెబ్బకు చెవి సగం ఊడి వేలాడింది. భూపేష్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. శిల్ప హెల్మెట్ విసిరేసి ఓబుళేశు చొక్కా పట్టుకుంది, చొక్కా చిరిగి ఆమె చేతిలోకి వచ్చింది. మూడోసారి రాయి లేచినప్పుడు మారెన్న వెనకనుంచి ఆ చేతిని పట్టుకున్నాడు.

"సాలప్పా" అన్నాడు. "ఇంగ సాలు."

రాయి వదిలేదాకా మణికట్టు మెలిపెట్టాడు. బయట డ్రిల్లింగు ఆగిపోయింది. పనివాళ్లు కిటికీ దగ్గర చేరారు. రెజీనా నేల మీద కూర్చుని, భూపేష్ చెవి దగ్గర చున్నీ పెట్టి ఎడమచేత్తో అదిమింది. అతని నోట్లో నెత్తురు, విరిగిన పళ్లు. ఏదో చెప్పబోయాడు. "మాట్లాడొద్దు" అంది. ఆ గొంతులో జాలి లేదు. అంబులెన్సు వచ్చేదాకా చెయ్యి మాత్రం తియ్యలేదు.

శనివారం పొద్దున రెజీనా గది ఉన్న వీధిలో తెల్ల కారు ఆగింది. ఇద్దరు దిగి, చేతికి కట్టుండే కమలాపురం పిల్ల ఒకామె ఈడ యాడుంటాది అని కిరాణా కొట్టులో అడిగారు. తనకు తెలియదని కొట్టతను చెప్పాడు. వాళ్లు పోయాక ఆమెకు ఫోను చేసి ఆ సంగతి చెప్పాడు.

ఓబుళేశును పోలీసులు ముందురోజే తీసుకెళ్లారు. మాట్లాడలేని భూపేష్ ఆసుపత్రి మంచం మీదినుంచే కాగితం మీద వాంగ్మూలం రాసిచ్చాడు. పేజీ అంతా తనే రాశానని, రెజీనాకు ఏమీ తెలియదని.

"నీ పేరు యాడా లేదంట పాపా" అంది రత్నమణి. "ఆయప్ప నిన్ను పక్కన పెట్టినాడు. గమ్మునుండు. దండం పెడతా."

రెజీనా ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, స్టేషనుకు వెళ్లింది.

హెడ్ కానిస్టేబులు పెద్దాయన. ఆమె చెప్పింది గంటసేపు వింటూ, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. అయ్యాక చదివి వినిపించాడు.

"'ఆ సందర్భంలో లాప్‌టాప్ మూత పడి నా కుడిచేతి మూడు వేళ్లకు దెబ్బ తగిలినది.' అంతే కదమ్మా?"

"కాదు సార్. మూత పడలేదు. ఓబుళేశు మోకాలేసి నొక్కినాడు. దెబ్బ తగల్లేదు. విరగ్గొట్టినాడు."

"రెండూ ఒకటే కదమ్మా."

"చదివేవాళ్లకు ఒకటి కాదు సార్."

ఆయన ఆమె ముఖం చూశాడు, కట్టు చూశాడు. స్కేలు పెట్టి ఆ వరస కొట్టేసి కొత్తగా రాశాడు. "ఇంకేమన్నా ఉండాయా?"

"ఉండాయి సార్. పది ఫోల్డర్ల మాట రాసింది నేను. దాచిన ఫోల్డర్ మాట రాసింది భూపేష్ సార్. ఆ ఫోల్డర్ దాచింది కూడా ఆయనే. మూడూ రాయండి."

"నీ పేరు లేకుండా ఆయన రాసిచ్చినాడు గదా. నువ్వు సంతకం పెడితే కోర్టుకు రావాల్సొస్తాది. ఆడ వాళ్లందరూ ఉంటారు."

"తెలుసు సార్."

ఆయన రాశాడు. మళ్లీ మొదటినుంచి చదవమని ఆమె అడిగితే విసుక్కోకుండా చదివాడు. కాగితం ఆమె ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. ఎడమచేత్తో రాస్తుంటే కాగితం జారిపోతోంది. ఆయన రెండు వేళ్లతో పైఅంచు నొక్కిపట్టాడు. సంతకం వంకరగా, గీత దాటి కిందికి దిగింది.

"కింద అడ్రసు గూడా రాయాల. ప్రస్తుతం ఉండేది."

రెజీనా ఒక క్షణం ఆగింది. తర్వాత వీధి పేరు రాసింది. కిరాణా కొట్టుకు ఎదురుగా అని రాసింది. పైఅంతస్తు అని రాసి, ఇంటి నంబరు కూడా వేసి, కాగితం ఆయన వైపు తిప్పింది.